ఇంకు ప్యాడు

కోర్టులో మేం దాన్ని ‘డీడీ’ అనేవాళ్లం. కాగితం మీద ‘మరణ వాంగ్మూలం’ అని టైపు కొట్టేదాన్ని గానీ, నా ముప్ఫై రెండేళ్ల ఉద్యోగంలో ఆ మాట నోటితో అన్నవాళ్లు ఒక్కరూ లేరు. “సార్ రాత్రి డీడీకి వెళ్లారు, కాల్ వర్కు పదకొండుకి” అంటే అందరికీ అర్థమైపోయేది. ఇంగ్లీషు పొడి అక్షరాలకు ఈ ఒక్క సుగుణం ఉంది, పొద్దున్నే విన్నా అన్నం సహిస్తుంది.

టైపు హయ్యరు పాసై 1984లో ఉద్యోగంలో చేరాను. పిఠాపురం పిల్లని, పక్క తాలూకాలోనే పోస్టింగు. 1987 వేసవిలో ఒక రాత్రి అటెండరు వచ్చి తలుపు కొట్టాడు. “అయ్యగారు రమ్మంటున్నారమ్మా. ఇంకు ప్యాడు తెమ్మన్నారు.” బెంచి క్లర్కు సెలవులో ఉన్నాడు. ఆడవాళ్ల వార్డు కాబట్టి ఒక ఆడమనిషి వెంట ఉంటే నయమని మేజిస్ట్రేటు గారికి తోచింది. అదీ నేను వెళ్లిన కారణం.

ఆసుపత్రిలో కరెంటు లేదు. నర్సమ్మ కిటికీలో కొవ్వొత్తి పెట్టింది. మేజిస్ట్రేటు గారు ముందు కానిస్టేబుల్ని బయటికి పంపారు. తర్వాత అత్తగారిని. తర్వాత కన్నతల్లిని కూడా. ఆవిడ “నేను తల్లినండీ బాబూ, నేనుంటే ఏం పోయింది” అని గడప పట్టుకుంది. “మీరుంటే రేపు ఈ కాయితం చెల్లదమ్మా” అన్నారాయన. ఆయన కటువు మనిషి కాదు. క్రిమినల్ రూల్సు అలా ఉన్నాయి. కాలిపోయిన ఆ కోడలి మంచం దగ్గర డాక్టరు, మేజిస్ట్రేటు, టార్చిలైటు పట్టుకున్న నేను మిగిలాం.

ఏం జరిగిందని వెంటనే అడగకూడదు. ముందు మనిషి స్పృహలో ఉందా, అడిగింది అర్థమవుతోందా అని తేల్చుకోవాలి. “నేను మేజిస్ట్రేటుని, పోలీసుని కాను. నీ పేరేంటమ్మా?” చెప్పింది. “ఇప్పుడు పగలా, రాత్రా?” “రాత్రండీ. కరెంటు పోయింది కదా” అంది. ఆయన ఆ మాట కూడా ఉన్నదున్నట్టు రాసుకున్నారు. ఎందుకో ఆ రాత్రి నాకు తెలియలేదు.

అసలు వాంగ్మూలం ఇక్కడ రాయను. ఆసుపత్రి రిజిస్టరులో భర్త తరఫువాళ్లు రాయించినది ‘స్టవ్ పేలింది’ అని. ఆమె చెప్పింది వేరు. రాసింది చదివి వినిపించారు, ఔనంది. చేతులు రెండూ కట్లలో ఉన్నాయి. కాలి బొటనవేలి ముద్ర తీసుకోవాలి. ప్యాడు నేనే పట్టాను, పాదం నేనే ఎత్తాను. వేలు నొక్కుతుంటే పక్క వేలి మెట్టెకి కూడా సిరా అంటుకుంది. తుడుద్దామని కొంగు అందుకునేలోపు ఆయన “ఉండనివ్వండమ్మా” అన్నారు. కాగితం మీద ముద్ర పక్కనే చిన్న వంపు గీత పడింది. మెట్టెది.

చచ్చిపోయిన మనిషి మాట కోర్టుకి ఎందుకు పనికిరావాలన్న ప్రశ్న నాకు ఆ తర్వాత చాలా రోజులకు వచ్చింది. రికార్డు రూములో లా జర్నల్సుకి అట్టలు వేయించే పని నా మీద పడ్డాక, తిరగేస్తూ తిరగేస్తూ చదివాను. విన్నమాట సాక్ష్యం కాదన్నది మూలసూత్రం. మాట అన్న మనిషే బోనెక్కాలి, ప్రమాణం చెయ్యాలి, అవతలి లాయరు అడ్డుప్రశ్నలకు జవాబు చెప్పాలి. చచ్చిన మనిషి బోనెక్కలేదు. ఇంగ్లండులో దీనికి చిన్న సందు వదిలారు. ఇక బతకనని ఖాయంగా తెలిసి అన్న మాటైతే తీసుకోవచ్చు. దేవుడి ముందుకు వెళ్లబోయే మనిషి అబద్ధమాడదని వాళ్ల నమ్మకం. పోయే ముందు అబద్ధం చెబుతారా అని మన ఊళ్లలోనూ అనే మాటే.

ఆ సందు ఎంత ఇరుకో 1879 నాటి బెడింగ్‌ఫీల్డ్ కేసు చూస్తే తెలుస్తుంది. ఒక ఆడమనిషి గొంతు తెగి, ఆ మగవాడున్న గదిలోంచి బయటికి పరుగెత్తుకొచ్చింది. ఎదురుపడిన మరో ఆవిడతో, చూడు వీడు నన్నేం చేశాడో అన్న అర్థం వచ్చే మాట అంది. కొద్ది నిమిషాల్లో ప్రాణం పోయింది. ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ ఆ మాటను సాక్ష్యంగా తీసుకోలేదు. తాను చచ్చిపోతున్నానని ఆమెకు తెలుసని రుజువేదీ అన్నారు. గొంతు తెగడం అప్పటికే అయిపోయింది కాబట్టి, ఆ మాట జరుగుతున్న పనిలో భాగం కూడా కాదన్నారు. వేరే సాక్ష్యం ఉండబట్టి ముద్దాయికి శిక్ష తప్పలేదు, అది వేరే సంగతి. తెగిన గొంతుతో ఆమె అన్న ఆ ఒక్క మాటా కోర్టు గుమ్మం దాటలేదు.

మనదేశంలో అప్పటికి ఏడేళ్ల ముందే చట్టం ఇంకోలా ఉంది. 1872 సాక్ష్య చట్టాన్ని రాసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ వైస్రాయి కౌన్సిల్లో లా మెంబరు. (వర్జీనియా వుల్ఫ్‌కి ఈయన పెదనాన్న. ఆమె ఆడవాళ్లకు సొంత గది కావాలంది. ఈయన మాత్రం ఆడా మగా సమానమన్న వాదాన్ని ఒప్పుకోని మనిషి.) 32వ సెక్షను మొదటి క్లాజులో ఆయన ఒక వెసులుబాటు పెట్టాడు. మాట అన్న సమయానికి చావు తప్పదని ఆ మనిషికి తెలిసి ఉండక్కర్లేదు. చావుకు కారణమేంటో, ఆ చావుకు దారితీసిన పరిస్థితులేంటో చెప్పిన మాటైతే చాలు. ఎందుకలా పెట్టాడో నేను చెప్పలేను గానీ, మన కోర్టుల్లో కాలిపోయిన ఆడపిల్లల కేసులు నిలబడ్డాయంటే సగం ఆ వాక్యం చలవే.

1885లో అలహాబాదు హైకోర్టు ఇంకో అడుగు వేసింది. వేశ్యావృత్తిలో ఉన్న దులారీ అనే అమ్మాయి గొంతు కోసేశారు. స్పృహ ఉంది, మాట లేదు. డిప్యూటీ మేజిస్ట్రేటు ఆసుపత్రికి వచ్చి ఒక్కొక్క పేరే అడిగాడు. కాదన్నప్పుడు చెయ్యి ఒకలా ఊపింది, అబ్దుల్లా పేరు రాగానే ఔనన్నట్టు ఊపింది. కత్తా, కాదు. మంగలి కత్తా, ఔను. మర్నాటికి పోయింది. చట్టంలో ఉన్న మాట ‘వర్బల్’. సైగ వర్బల్ ఎలా అవుతుందని డిఫెన్సు వాదన. నోటితో పలికితేనే ‘ఓరల్’, మాటల ద్వారా తెలియజేస్తే ‘వర్బల్’ అని ఫుల్ బెంచి తేడా తీసింది. ప్రశ్నలో మాటలున్నాయి, జవాబు చేతిలో ఉంది, రెండూ కలిస్తే వాంగ్మూలమే. అక్కడ ఇంగ్లండులో నోరున్న మనిషి మాట వినబడలేదు. ఆరేళ్లకు ఇక్కడ నోరుపోయిన మనిషి చెయ్యి వినబడింది. బెడింగ్‌ఫీల్డ్ తీర్పు ఇప్పుడైతే అలా ఉండదని ఇంగ్లండు ప్రభువుల సభ ఒప్పుకోవడానికి 1987 దాకా పట్టింది. నేను ఇంకు ప్యాడు పట్టుకెళ్లిన ఏడాదే.

ఇక మా ఊరి కథ. పిఠాపురం దివాను గారి దగ్గర బంట్రోతుగా పనిచేసినవాడు కూరే నూకరాజు. దివాను గారి అమ్మాయి, అల్లుడు పాకాల నారాయణస్వామి బరంపురంలో ఉండేవారు. ఆవిడ నూకరాజు దగ్గర నూటికి పద్దెనిమిది వడ్డీకి 3000 రూపాయలు అప్పు తీసుకుంది. బంట్రోతు దగ్గర దివాను గారి కూతురు అప్పు చేయడమేంటని మా బామ్మ తరం వాళ్లు ముక్కున వేలేసుకునేవారు. 1937 మార్చి 20న నూకరాజుకి ఉత్తరం వచ్చింది, సంతకం లేదు. దాన్ని భార్యకు చూపించి, బాకీ ఇస్తామని బరంపురం రమ్మన్నారు, వెళుతున్నాను అన్నాడు. మర్నాడు రైలెక్కాడు. 23న పూరీ స్టేషన్లో మూడో తరగతి పెట్టెలో ఎవరూ దింపుకోని ఉక్కు ట్రంకుపెట్టె దొరికింది. అందులో ఏడు ముక్కలుగా నూకరాజు.

నూకరాజు ఆ మాట అన్నప్పుడు అతనికి చావు ఆలోచనే లేదు. వసూలుకి వెళ్లే మనిషి, బహుశా కొంచెం సంతోషంగానే ఉండి ఉంటాడు. అలాంటి మాట సాక్ష్యమవుతుందా? కేసు లండనులో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1939 జనవరిలో లార్డ్ అట్కిన్, అవుతుంది అన్నారు. ఎక్కడికి, ఎందుకు, ఎవరి పిలుపు మీద వెళ్లాడన్నవి చావుకు దారితీసిన పరిస్థితులే. చావుతో దగ్గరి సంబంధం ఉంటే చాలు, అప్పటికి ఎవరూ ఎవర్నీ పొడిచి ఉండక్కర్లేదు. ఉరిశిక్ష ఖాయమైంది.

పిఠాపురం ఇంట్లో ఒక బంట్రోతు పెళ్లాంతో అన్న మాట అది. ఆమె గుర్తుపెట్టుకుని కోర్టులో చెబితే చట్టమై కూర్చుంది. మా ఊరివాళ్లకి ఆ ట్రంకుపెట్టె గుర్తుంది. ఆ మాట తర్వాత ఏ దారిన వెళ్లిందో చాలామందికి తెలియదు. అది కొత్త కోడళ్ల ఉత్తరాల దాకా వెళ్లింది.

మధ్యలో కట్నం చట్టాల సంగతి. అవి పుట్టడంలో మనవాళ్లు వెనకబడలేదు. దేశానికంతటికీ చట్టం రాకముందే, బీహారు తర్వాత 1958లో ఆంధ్రప్రదేశ్ కట్న నిషేధ చట్టం చేసుకుంది. కేంద్ర చట్టం 1961లో వచ్చింది. ఇష్టపూర్వకంగా ఇచ్చే కానుకలు కట్నం కిందికి రావని అందులోనే ఉంది. అక్కడితో సరిపోయింది. మా జిల్లాలో ఇష్టం లేకుండా ఇచ్చామని పెళ్లినాడు చెప్పిన తండ్రి ఎవరు? పసుపు కుంకుమ కింద ఎకరం, ఆడబడుచు లాంఛనం, మగపెళ్లివారి బస్సు ఖర్చు, అన్నీ ఇష్టపూర్వకమే. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం ఇంకో వైపు నుంచి నరుక్కొచ్చింది. కూతురికీ కొడుకుతో పాటు పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో వాటా అని, 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా చట్టం తెచ్చింది. కట్నం దురాచారాన్ని రూపుమాపాలని దాని పీఠికలోనే రాసుకున్నారు. వాటా అడిగిన కూతుళ్లని నేను సివిలు కేసుల్లో చూశాను, అది ఇంకో వ్యాసం.

వీధిలోకి గొంతు వచ్చింది ఢిల్లీలో, 1979లో. పెళ్లయి ఏడాదన్నా నిండని కోడళ్లు వరసగా కాలిపోతుంటే ఆడవాళ్లు అత్తవారిళ్ల ముందుకే ఊరేగింపుగా వెళ్లారు. స్త్రీ సంఘర్ష్ అనే బృందం ‘ఓం స్వాహా’ అని వీధినాటకం ఆడింది. కూతుర్ని పోగొట్టుకున్న సత్యరాణీ చద్దా, అలాగే కూతుర్ని పోగొట్టుకున్న షాజహాన్ ఆపాతో కలిసి 1987లో శక్తిశాలిని పెట్టింది. 1979 నాటి ఆ కేక పార్లమెంటుకు వినబడ్డాకే 1983లో భర్త, అత్తవారి వేధింపుల మీద 498-ఎ సెక్షను వచ్చింది, 1986లో కట్నం చావుల మీద 304-బి వచ్చింది. పెళ్లయిన ఏడేళ్లలోపు పోయిన ఆడపిల్లకు శవపంచాయితీ తహసీల్దారు స్థాయి అధికారి చెయ్యాలన్న పద్ధతీ అప్పుడు వచ్చిందే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో 498-ఎ కింద కేసు వస్తే, సీనియర్ లాయర్లు కూడా చట్టం పుస్తకం వెనక అతికించిన సవరణ కాగితం వెతుక్కునేవారు.

చట్టం వచ్చాక తగువంతా కాగితం మీదికి, వేలి మీదికి మళ్లింది. డాక్టరు ‘స్పృహలో ఉంది’ అని రాసి, ‘చెప్పగలిగే మానసిక స్థితిలో ఉంది’ అని రాయకపోతే ఆ వాంగ్మూలం చెల్లుతుందా? మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక కేసులో 1999లో సుప్రీంకోర్టు చెల్లదంది, ముద్దాయిలు బయటికొచ్చారు. ఆ తర్వాత కొన్నాళ్లు మా మేజిస్ట్రేట్లు డాక్టర్ల చేత మూడేసి వాక్యాలు రాయించుకున్నారు. 2002 ఆగస్టులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టింది. డాక్టరు రాత జాగ్రత్త కోసమే, మనిషి తెలివిలోనే ఉందని రాసుకున్న మేజిస్ట్రేటుకు నమ్మకం కుదిరితే చాలంది. పంజాబు కేసు ఇంకొకటి ఉంది. ఒళ్లంతా కాలి, బొటనవేళ్లు కూడా కాలాయని డాక్టరు చెబితే, వాంగ్మూలం మీద ముద్రలో గీతలు స్పష్టంగా ఉన్నాయి. అదెలా సాధ్యమని 1998లో సుప్రీంకోర్టు నమ్మలేదు. అది చదివిన రోజు నేను టైపు మిషను ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. మా కేసులో మెట్టె గీత ఉంది. తుడవనివ్వని మేజిస్ట్రేటు గారు పదేళ్లు ముందే ఆలోచించారన్నమాట.

కోడళ్లు అబద్ధం చెప్పి ఇరికిస్తున్నారన్న మాట కోర్టు వరండాల్లో రోజూ వినబడేది. చెప్పినవాళ్లూ ఉన్నారు, లేరనను. కానీ నేను చూసినంతలో మంచం మీది అబద్ధం ఎక్కువసార్లు రెండో వైపు నడిచింది. మొదట కానిస్టేబుల్ వచ్చినప్పుడు మొగుడో అత్తో తల దగ్గర నిలబడి ఉంటారు. “స్టవ్ పేలిందండీ” అంటుంది. తాను పోతే పిల్లలు ఉండాల్సింది ఆ ఇంట్లోనే మరి. రెండోసారి మేజిస్ట్రేటు గది ఖాళీ చేయించి అడిగితే మాట మారుతుంది. మూడేళ్ల తర్వాత డిఫెన్సు లాయరు ఆ రెండు కాగితాలూ చెరో చేత్తో పట్టుకుని “ఏది నిజం యువరానర్?” అంటాడు. తప్పేం లేదు, అతని పని అది.

నా మొదటి కేసు సెషన్స్ కోర్టులో విచారణకొచ్చేసరికి నాకూ అక్కడికే బదిలీ అయింది. ఎగ్జిబిట్లకు నంబర్లు వేసే పని నాది. మేజిస్ట్రేటు గారు సాక్షిగా బోనెక్కారు. అర్ధరాత్రి, మత్తు ఇంజెక్షను ఇచ్చిన మనిషి, ఏం స్పృహ ఉంటుందని లాయరు అడిగాడు. జడ్జిగారు కాగితం తెప్పించుకుని, కరెంటు పోయిందన్న ఆ ఒక్క జవాబు పైకి చదివారు. కరెంటు లేదని ఆసుపత్రి డ్యూటీ నర్సు అప్పటికే సాక్ష్యం చెప్పి ఉంది. ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

తర్వాత తండ్రి వచ్చాడు. పంచె, కండువా, చేతిలో ఖద్దరు సంచి. అందులో పదకొండు ఇన్‌లాండు ఉత్తరాలు. ఇక్కడే నూకరాజు పనికొచ్చాడు. 1982లో పుణెలో పెళ్లయిన నాలుగు నెలలకే పోయిన ఒక అమ్మాయి తన తోబుట్టువుకీ స్నేహితురాలికీ రాసిన ఉత్తరాల మీద 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చావు ఇంకా కంటికి కనబడని రోజుల్లో రాసిన ఉత్తరమైనా సరే, అత్తవారింట్లో బతుకెలా ఉందో అందులో ఉంటే అది 32వ సెక్షను కింద సాక్ష్యమే అని. పిఠాపురం కేసును చర్చించే ఆ మాట అన్నారు. ఆ కేసులో ముద్దాయిని మాత్రం విడిచిపెట్టారు, ఆత్మహత్య కాదని రుజువు కాలేదని. కానీ ఉత్తరాలకు దారి తెరుచుకుంది. మా ప్రాసిక్యూటరు ఆ తీర్పు కాపీ రెండు రోజులు టేబుల్ మీదే పెట్టుకున్నాడు.

ఒక్కొక్క ఉత్తరానికి స్టాంపు వేస్తూ చదివాను. చదవకూడదు, కానీ ఎవరు చదవకుండా ఉంటారు? ఆవకాయ కుదిరిందా, తమ్ముడి పరీక్షలెలా రాశాడు, గేదె ఈనిందా. చివర్లో మడత పెట్టే అంచు మీద, మిగిలిన చోటు చూసుకుని రాసినట్టు, సన్నగా ఒకటి రెండు వరసలు. ‘స్కూటరు సంగతి మళ్లీ అడుగుతున్నారు నాన్నా.’ ఇంకో నెల ఉత్తరంలో, ‘నన్ను కొన్నాళ్లు తీసుకెళ్లండి, పంట చేతికొచ్చాకే రండి, పర్వాలేదు.’

అన్ని ఉత్తరాలకీ సరిగ్గా నడిమధ్యన చిల్లు ఉంది. లాయరు పట్టుకున్నాడు. “ఈ చిల్లేమిటి? ఏదో మాట పోయిందిక్కడ. ఏ మాట?”

తండ్రికి ప్రశ్న అర్థం కాలేదు. జడ్జిగారే తెలుగులో మళ్లీ అడిగారు. కన్నం ఎందుకుందయ్యా అని.

“తీగదండి” అన్నాడు. చూరుకి వేలాడే కొక్కెం తీగ. మా ఇంట్లోనూ ఉండేది, పన్ను రసీదులు, శుభలేఖలు, ఉత్తరాలు అన్నీ దానికే గుచ్చేవాళ్లు.

“ఉత్తరం రాగానే చదివించుకున్నారా?”

“చదివించుకున్నానండి.”

“చదివించుకుని ఏం చేశారు?”

ఆయన కుడిచెయ్యి ఎత్తి, గాల్లో కాగితాన్ని కిందికి లాగి గుచ్చుతున్నట్టు చూపించాడు. సాక్షి సైగను టైపులోకి ఎలా ఎక్కించాలని జడ్జిగారి వైపు చూశాను. ఆయన కాసేపాగి, “తీగకు గుచ్చాను అని కొట్టండమ్మా” అన్నారు.